పద్దెనిమిది నిమిషాల బాల్కనీ

ఇరవై ఆరేళ్లు నేను చేసిన ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఫోనెత్తి "చెప్పండి సార్" అనడం. ఆ మాట నేను అన్నన్ని సార్లు మా వీధి గుళ్లో పూజారిగారు దేవుడి పేరు కూడా తలచి ఉండరు. ఫోను ఆనీ ఆనీ నా ఎడమ చెవి కుడి చెవి కంటే అర అంగుళం వెడల్పయింది. నమ్మనివాళ్లు ఇంటికొచ్చి కొలుచుకోవచ్చు, మా ఆవిడ టేపు ఇస్తుంది.

షేర్ బ్రోకర్ ఆఫీసులో నేను డీలర్‌ని. అంటే, డబ్బు మీది, నిర్ణయం మీది, మీట నొక్కే వేలు మాత్రం నాది. జూబ్లీ హిల్స్ నుంచి ఫిల్మ్ నగర్‌కి దిగే రోడ్డులో ఒక టిఫిన్ సెంటర్ మీద మా ఆఫీసు. కింద నెయ్యి దోసె వేస్తే పైన మాకు ఆర్డర్లు తప్పులు పడేవి. పైన మార్కెట్ పడితే కింద దోసె అడిగేవాడుండేవాడు కాదు. క్లయింట్లలో ముప్పాతిక మంది సినిమావాళ్లు. మిగతా పాతిక మంది సినిమావాళ్లకి అప్పిచ్చినవాళ్లు.

యాభై నాలుగేళ్లకి నేనే చాలించుకున్నాను. ఎవరి ఫోనులో వాళ్లే మీటలు నొక్కుకోవడం మొదలెట్టాక నా వేలికి పని లేకపోయింది. కంపెనీ శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చింది. అది రోజూ సరిగ్గా మూడున్నరకి, మార్కెట్ మూసే వేళకి, ఆగిపోతుంది. బాగు చేయించలేదు. దాని విశ్వాసం నాకు నచ్చింది.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, "అంకుల్, ఏ షేరు కొనమంటారు?" అని అడుగుతారు. అది నాకు తెలియదు. ఇరవై ఆరేళ్లూ తెలియలేదు. తెలిస్తే టిఫిన్ సెంటర్ పైన ఎందుకుంటాను, కొండ మీద ఉండేవాణ్ణి. నాకు తెలిసింది ఆ ఉద్యోగంలో అసలు పని ఏమిటన్నది. దానిలో నేను చేసిన ఒక తప్పు కూడా తెలుసు. ఆ తప్పు ఇప్పటికీ షేక్‌పేటలో ఒక ఫ్లాట్‌లో కంటికి కనిపిస్తూనే ఉంది. ఈ రాసేదంతా దాని గురించే.

గొంతు ముందు, అంకె తర్వాత

నా మొదటి బాసు శేషగిరిరావు గారిది తెనాలి. నుదుటి మీద బొట్టు, జేబులో మూడు రంగుల పెన్నులు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఇద్దరే, వాళ్లలో ఒకరు ఫొటోగ్రాఫర్.

పని ఆయన నేర్పారు. క్లయింటు ఆర్డరు చెబుతాడు. ఏ షేరు, ఎన్ని, ఎంతకి, కొనడమా అమ్మడమా అన్నది మనం తిరిగి అప్పజెప్పాలి. క్లయింటు "అవును" అన్నాకే మీట నొక్కాలి. ఇదంతా టేపులో రికార్డవుతుంది. ఇంతవరకూ ఎవరైనా నేర్పుతారు. శేషగిరిరావు గారు ఇంకొకటి నేర్పారు.

"అంకె ఎవడైనా వింటాడోయ్ మూర్తీ. నువ్వు గొంతు విను. ఆకలితో ఉన్నాడా, పెళ్లాంతో పోట్లాడి వచ్చాడా, ఎవడో పక్కన నుంచుని పొడుస్తున్నాడా, అది విను."

గొంతులో తేడా వినబడితే ఆయన దగ్గర ఒకే మందు ఉండేది. "భోజనం చేశారాండీ?"

"లేదండీ."

"చేసి మాట్లాడండి. షేరు ఎక్కడికీ పారిపోదు."

భోజనం తర్వాత ఆ ఆర్డర్లలో సగం తిరిగి వచ్చేవి కావు. మా కమీషన్ పోయేది, క్లయింటు మిగిలేవాడు. ఆయన తర్వాత వచ్చిన మేనేజరు టై కట్టుకునేవాడు. ఎన్ని ఆర్డర్లు పడితే అంత గొప్ప అనేవాడు. అతను ఎవరినీ భోజనం గురించి అడగలేదు. రెండేళ్లలో కమీషన్ రెట్టింపయింది, క్లయింట్లు సగమయ్యారు. అతనికి ప్రమోషనిచ్చి బెంగుళూరు పంపారు. మీకు ఇద్దరు బాసులూ తగులుతారు. ఎవరి మాట వినాలో మీ ఇష్టం, నేను మాత్రం రెండోవాడికి చెవి ఇచ్చి మొదటివాడి మాట విన్నాను.

టిప్పు ఎలా పుడుతుంది

ఒకసారి నా స్కూటరు వెనక టైరు అరిగిపోయింది. నా దగ్గరున్న రంగుల కంపెనీ షేర్లు పది అమ్మి టైరు వేయించాను. అంతే జరిగింది.

మధ్యాహ్నానికి ఒక మేకప్‌మన్ ఫోన్ చేసి తన రంగుల షేర్లు అమ్మమన్నాడు. సాయంత్రం లోపు ఇద్దరు అసిస్టెంటు డైరెక్టర్లు, ఒక ఫైట్ మాస్టరు, ఒక హీరోగారి బావమరిది అమ్మమన్నారు. మర్నాడు మార్కెట్ తెరవకముందే ఒక నిర్మాతగారు ఫోన్ చేసి, ఊపిరి బిగబట్టి, "మూర్తిగారూ, ఎవరికీ చెప్పకండి. లోపలి సమాచారం. ముంబైలో పెద్ద చెయ్యి రంగులన్నీ వదిలించుకుంటోందట" అన్నారు.

ఆ పెద్ద చెయ్యి నాది. టైరు కొన్న రసీదు ఇంకా ఆ చేతిలోనే ఉంది.

ఆ రోజు నుంచి ఎవరైనా నాకు టిప్పు చెబితే, దీని వెనక ఎవరి టైరు ఉందో అని ఆలోచిస్తాను. మీరూ ఆలోచించండి. ఫిల్మ్ నగర్‌లో మార్నింగ్ షో కాక ముందే సినిమా టాక్ పుడుతుంది. అలాంటిచోట షేరు టాక్ పుట్టడానికి షేరు కూడా అక్కర్లేదు.

ఇంకొక జబ్బు కూడా సినిమావాళ్లదే. సెట్లో షాటు బాగా రాకపోతే "వన్ మోర్" అంటారు. మళ్లీ తీస్తారు. పదిహేడో టేకు ఓకే అయితే మొదటి పదహారూ ఎవరికీ గుర్తుండవు. నష్టం వచ్చినప్పుడు కూడా వాళ్లకి అదే అలవాటు. వందకి కొన్నది ఎనభై అయితే "వన్ మోర్" అని ఇంకో వంద షేర్లు, అరవై అయితే ఇంకో వన్ మోర్. మార్కెట్లో టేకులు చెరిగిపోవు నాయనా, పదిహేడూ బిల్లులోకి వస్తాయి. ఇది ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అందరూ "అవును కదా" అన్నారు. అని, "వన్ మోర్" అన్నారు.

అడ్వాన్సూ, హామీ సంతకమూ

ఆప్షన్లంటే ఏమిటని అడిగితే పుస్తకంలో నాలుగు పేజీలుంటుంది. నేను సినిమావాళ్లకి నాలుగు వాక్యాల్లో చెప్పేవాణ్ణి.

ఆప్షన్ కొనడమంటే హీరో డేట్ల కోసం అడ్వాన్సు ఇవ్వడం. ఆ నెలలో మీ సినిమా మొదలైతే అదృష్టం, మొదలు కాకపోతే అడ్వాన్సు పోయింది, అంతకు మించి పోదు. ఆప్షన్ అమ్మడమంటే ఇంకొకరి సినిమా విడుదలకి ఫైనాన్సియర్ దగ్గర హామీ సంతకం పెట్టడం. సంతకానికి చిన్న కమీషన్ చేతిలో పడుతుంది, పది శుక్రవారాలు హాయిగా గడుస్తాయి, పదకొండో శుక్రవారం సినిమా మొత్తం మీ నెత్తి మీద పడుతుంది.

ధర పడితే పనికొచ్చే ఆప్షన్‌ని పుట్ అంటారు, లాట్ అంటే ఒక కట్ట. గడువు వారం వారం తీరుతుంది, ఆ రోజుని ఎక్స్‌పైరీ అంటారు. ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక ధరలు మనుషుల్లా ప్రవర్తించవు. ఐదు రూపాయలది యాభై అవుతుంది, యాభైది సున్నా అవుతుంది. మా ఆఫీసు ఫోన్లు అప్పుడు ఎంత వేడెక్కేవంటే, కింద టిఫిన్ సెంటర్‌వాడు గ్యాసు అయిపోతే పైకి వచ్చి పెనం పెట్టుకునేవాడేమో, మేము రానివ్వలేదు.

సుందరరామయ్యగారి కాగితం

సుందరరామయ్యగారు నటుడు. హీరోయిన్ తండ్రి, హీరో తండ్రి, ఇద్దరికీ కలిపి ఒకే తండ్రి కావలసి వస్తే అదీ ఆయనే. భీమవరం మనిషి. తెర మీద ఆయనకి నూట పన్నెండుసార్లు గుండెపోటు వచ్చింది, అన్నీ ఇంటర్వెల్ తర్వాతే. కూతురి పెళ్లి ఆగిందంటే ఆయన చెయ్యి దానంతటదే ఎడమ వైపుకి పోయేది. తెర మీద ఆయన పుట్టిందీ పోయిందీ బంగళాల్లో. బయట మాత్రం ఫిల్మ్ నగర్‌లో రెండో అంతస్తులో ముప్పై ఏళ్లుగా అద్దెకున్నారు. ఆయనకీ ఆయన భార్య సత్యవతి అక్కయ్యగారికీ ఒకటే కోరిక, పోయేలోపు సొంతానికి రెండు గదులు, ఒక బాల్కనీ. బాల్కనీ అక్కయ్యగారి పట్టు. అద్దె ఇంట్లో ఆమె తులసి కుండీ ముప్పై ఏళ్లుగా మెట్ల మీద ఉంది, పక్కింటివాళ్లు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కాలితో తంతారు.

ఫ్లాట్ కోసం దాచిన డబ్బంతా మా దగ్గరే, మంచి షేర్ల రూపంలో ఉండేది. వాటినే పూచీగా చూపించి ఆప్షన్లు ఆడటం సుందరరామయ్యగారి బలహీనత. అందులోనూ ఎక్స్‌పైరీ రోజు, అందులోనూ రెండు దాటాక. అలా ఒక గది దాదాపు పోయింది. అప్పుడు అక్కయ్యగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని మా ఆఫీసుకి తీసుకొచ్చారు. నా టేబుల్ ముందు కూర్చుని ఆయన ఒక పాత షూటింగ్ కాల్‌షీట్ వెనక తన చేత్తో రాసిచ్చారు.

"ఎక్స్‌పైరీ రోజున మధ్యాహ్నం రెండు దాటాక నేను ఫోన్ చేసి ఏం అడిగినా, తిట్టినా, ఏడ్చినా, చచ్చిపోతున్నానన్నా, మూర్తి చెయ్యరాదు."

కింద ఆయన సంతకం, సాక్షిగా అక్కయ్యగారిది. చదివి నాకు ముచ్చటేసింది. ఆ కాగితంలో ఒక పెద్ద కన్నం ఉంది. నాకు కనబడలేదు, పైగా దాన్ని నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను.

మొదటి వారం జమీందారు గొంతుతో ఫోన్ వచ్చింది.

"మూర్తీ! నా డబ్బు, నా ఖాతా. మధ్యలో నువ్వెవరివయ్యా?"

"మీరే వద్దన్నారు కదా గురువుగారూ."

"వద్దన్నదీ నేనే, ఇప్పుడు కావాలంటున్నదీ నేనే!"

"కాగితం రాసినాయన నిమ్మళంగా ఉన్నాడండి. ఆయన మాటే వింటాను."

రెండో వారం అప్పగింతల గొంతు వచ్చింది. పక్క సీటు యాదగిరి స్పీకర్‌లో విని నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. మూడో వారం నేను ఎదురు చూస్తున్నదే వచ్చింది.

"అబ్బా... మూర్తీ... ఎడమ వైపు... ఆఖరి కోరిక... ఒక్క రెండు లాట్లు..."

"నూట పదమూడోది గురువుగారూ. నీళ్లు తాగండి."

వెనక నుంచి అక్కయ్యగారు, "మూర్తేనా? నమ్మకయ్యా! ఇప్పుడే రెండో పెసరట్టు లాగించారు!"

నేను నవ్వాను, యాదగిరి నవ్వాడు, టేపు వినే ముంబై హెడ్డాఫీసువాళ్లు కూడా నవ్వే ఉంటారు. ఆయన ఏ వేషం వేసినా కనిపెట్టగలనని నాకు గర్వం పట్టుకుంది. ఆఫీసుకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ కాగితం చూపించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మా పనిలో మనిషికి గర్వం పట్టిందంటే, తర్వాత రాబోయేదాని వాసన నాకిప్పుడు మైలు దూరం నుంచి తెలుస్తుంది. అప్పుడు తెలియలేదు.

రెండూ పది

ఆ రోజు ఎక్స్‌పైరీ. మధ్యాహ్నం రెండు నుంచి మార్కెట్ జారుతోంది. రెండూ పదికి ఎవరిదో తెలియని నంబరు.

"మూర్తీ, నేనయ్యా. ఇరవై లాట్లు పుట్ కొనెయ్. తొందరగా."

గొంతు సుందరరామయ్యగారిదే. కానీ చప్పగా ఉంది. పలుకు విరుపు లేదు, ఊపిరి లేదు, ఏ పాత్రా లేదు. ఓహో, ఈసారి కొత్త పద్ధతి అనుకున్నాను.

"ఎక్స్‌పైరీ గురువుగారూ. రెండు దాటింది" అని పెట్టేశాను.

రెండూ పదహారుకి మళ్లీ అదే నంబరు. స్పీకర్ నొక్కాను, యాదగిరి కూడా వింటాడని.

"పెట్టెయ్యకయ్యా. కొత్తగా కొనడం కాదు. పొద్దున నేనే అమ్మాను, ఫోన్లో, ఆ యాప్‌లో. వదిలించుకోవాలి. సెట్లో ఉన్నాను, ఫోన్లు తీసేసుకున్నారు, ఇది ప్రొడక్షన్ మేనేజరు ఫోను..."

వెనక జనరేటరు మోత. ఎవరో "సైలెన్స్!" అని అరిచారు.

"కథ బాగుందండీ. లొకేషన్ సౌండు కూడా పెట్టారు!" అని మళ్లీ పెట్టేశాను.

యాదగిరి కృష్ణానగర్‌లో పుట్టి పెరిగిన మనిషి. పొద్దున లేస్తే జూనియర్ ఆర్టిస్టుల మధ్యే పళ్లు తోముకుంటాడు. వాడు నవ్వలేదు.

"అన్నా, స్క్రీన్ జూసినవా?"

"ఆయన్ని పన్నెండేళ్లుగా చూస్తున్నానురా. స్క్రీనెందుకు?"

"ఏమో అన్నా. గింత సప్పగ మాట్లాడుతుండేంది? ఆయన సచ్చేటప్పుడు గూడ గింత సప్పగ సావడు."

"అదే రా ట్రిక్కు."

"ట్రిక్కో గిక్కో, ఒక్కసారి జూస్తె నీ సొమ్మేం బోతది?"

ఈ మాట మీరు బాగా గుర్తు పెట్టుకోండి. ఏమీ పోయేది కాదు. ఆయన ఖాతా నంబరు కొట్టి మీట నొక్కితే నాలుగు సెకన్లు. నేను నొక్కలేదు. ఇంకో క్లయింటు ఫోనెత్తి "చెప్పండి సార్" అన్నాను.

రెండూ ఇరవై ఏడుకి మూడోసారి. ఈసారి వదిలించుకోవడానికి నియమం అడ్డం పెట్టాను.

"ఇది మీ నంబరు కాదు కదండీ. ఖాతాదారు మీరేనని తేలాలంటే పుట్టిన తేదీ చెప్పాలి."

ఆయన చుట్టూ ఎవరెవరున్నారో తర్వాత తెలిసింది. డైరెక్టరు, కెమెరామన్, హీరో, హీరోయిన్ తల్లి, ఓ యాభై మంది లైట్‌మెన్లు. సౌండు రికార్డింగు మొదలు కాబోతోందని అందరూ నోరు మూసుకుని ఉన్నారు.

ఇండస్ట్రీకి సుందరరామయ్యగారి వయసు యాభై తొమ్మిది. నాకు ఆయన పరిచయమైన రోజు నుంచీ యాభై తొమ్మిదే. అంతకంటే ఎక్కువని తెలిస్తే కింద పడే షాట్లు ఇవ్వరని, గుర్రం సీనుకి పిలవరని, అసలు పిలవనే పిలవరని ఆయన భయం. మా ఖాతాలో ఉన్న నిజమైన తేదీని నేను ఎవరి దగ్గరా అనకూడదని నాతో రెండుసార్లు ఒట్టు వేయించుకున్నారు.

ఆయన గొంతు తగ్గించకుండా, తేదీ, నెల, సంవత్సరం చెప్పారు. అసలుది. లెక్కేస్తే వయసు డెబ్బై ఒకటి.

నా చెయ్యి కీబోర్డు మీదకి దానంతటదే పోయింది. అసలు వయసు బయటపెట్టడం ఏ నటుడూ ఏ వేషం కోసమూ చెయ్యని పని. స్క్రీన్ తెరిచాను. ఇరవై లాట్లు పుట్, పొద్దున అమ్మినవే. ఎర్ర అంకె నేను చూస్తుండగానే పెరుగుతోంది. మార్కెట్ పడదని ఆయన హామీ సంతకం పెట్టారు, మార్కెట్ పడుతోంది, ఫ్లాట్ మొత్తం ఆ సంతకం కింద ఉంది.

"ఇరవై లాట్లు, తిరిగి కొనడం, మార్కెట్ ధరకి. అవునా గురువుగారూ?"

"అవునయ్యా."

రెండూ ఇరవై ఎనిమిది. మొత్తం పద్దెనిమిది నిమిషాలు.

ముద్దాయి లోపలున్నాడు

సాయంత్రం ఆరింటికి వాళ్లింటికి వెళ్లాను. మెట్ల మీద తులసి కుండీని ఎవరూ తన్నకుండా జాగ్రత్తగా దాటాను. అక్కయ్యగారు తలుపు తీశారు.

"రా నాయనా. ముద్దాయి లోపలున్నాడు."

"రెండోవాణ్ణి నేనండీ."

సుందరరామయ్యగారు మంచం మీద కూర్చుని, మొహానికి ఇంకా సగం మేకప్‌తో, జరిగింది చెప్పారు. ఆరు వారాల క్రితం మేకప్ వ్యానులో తోటి నటుడు ఫోన్లో మా కంపెనీ యాప్ పెట్టించాడట. పుట్‌లు అమ్మితే వారం వారం అద్దె వచ్చినట్టే గురువుగారూ అన్నాడట.

"అద్దె అన్నాడు మూర్తీ. ముప్పై ఏళ్లుగా కట్టిన మాట. ఒక్కసారి తీసుకుందామనిపించింది."

ఐదు వారాలు వచ్చింది. ఆరో వారం ఇది.

నేను చెప్పాల్సింది చెప్పాను. మొదటి ఫోనుకే స్క్రీన్ చూసి ఉంటే పోయేది చాలా తక్కువని, పద్దెనిమిది నిమిషాల నష్టం నాదని. ఆయన తువ్వాలుతో ఒక చెంప తుడుచుకున్నారు.

"నలభై ఏళ్లలో మొదటిసారి నటించకుండా మాట్లాడానయ్యా. ప్రేక్షకుడివి నువ్వొక్కడివే. ఫ్లాప్ చేశావు."

ఆయనే మళ్లీ అందుకున్నారు. "ఫోను పెట్టేశాక నేరుగా గుండెపోటు షాటు. మొదటి టేకే ఓకే అన్నాడు డైరెక్టరు. అద్భుతం, ఎక్కణ్ణుంచి తెచ్చారు సార్ అన్నాడు. మీ బ్రోకరు దగ్గర్నుంచి అని చెప్పలేదులే."

అక్కయ్యగారు మాత్రం నవ్వలేదు. కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "ఈయన యాప్‌లో ఆడుతున్నట్టు నాకు తెలియదు. నేను పప్పు రుబ్బుకునేదాన్ని. నీకు తెలియాలి కదయ్యా. కాగితం నీ అద్దం కిందే కదా ఉంది?" అన్నారు.

ఇరవై ఆరేళ్లలో నన్ను తిట్టినవాళ్లలో నిర్మాతలున్నారు, ఫైట్ మాస్టర్లున్నారు. ఈ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది, ఆ వెడల్పు చెవిలోనే.

ఆమె చెప్పింది నిజం. ఆరు వారాలుగా ఆయన ఖాతాలో అమ్మకాలు నడుస్తున్నాయి. నేను ఒక్కసారి కూడా తెరవలేదు. మనిషిని చదవడం వచ్చింది కదా అని అంకె చూడటం మానేశాను. శేషగిరిరావు గారు గొంతు ముందు వినమన్నారు, అంకె చూడొద్దనలేదు. తప్పు ఎవరిదెంత అని తూకం వేస్తే ఆయనదే ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ నా వంతు నాది, ఆయన వంతులో కలిపి దాచుకోలేను.

ఆ సాయంత్రమే కాగితం మళ్లీ రాశాం. పాతదాన్లో కన్నం "ఏం అడిగినా" అన్న చోట ఉంది. లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ ఒకే తాళం వేశాం. కొత్త కాగితంలో ఇలా ఉంది: "కొత్తగా ఏదీ కొనరాదు, అమ్మరాదు. ఉన్నదాన్ని వదిలించుకోమంటే ఏ రోజైనా, ఏ గంటైనా, ఏ గొంతుతో అడిగినా వెంటనే చేసి, తర్వాత తిట్టవలెను." యాప్ తాళం మాట అక్కయ్యగారు మార్చి, చీటీ రాసి పోపుల డబ్బాలో మెంతుల కింద పెట్టారు. సుందరరామయ్యగారికి మెంతులు పడవు.

ఈ పనిలో చేరేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. క్లయింటుని లోపలికి పోకుండా ఆపితే ఆపండి, ఆ ధైర్యం ఉన్న డీలర్లు తక్కువ. బయటికి వస్తానన్నవాణ్ణి మాత్రం గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలు వెయ్యకండి. అబద్ధమాడుతున్నాడనిపించినా ముందు స్క్రీన్ చూడండి. నాలుగు సెకన్లు.

గాలి

మర్నాడు సెట్లో ఆయన కోసం ఒక కుర్చీ వచ్చింది. డెబ్బై ఒకటని విన్న హీరోగారే వేయించారు. నలభై ఏళ్లలో ఆయన ఏ సెట్లోనూ కుర్చీ అడగలేదు. రెండు రోజులు అలిగి దాని పక్కనే నుంచున్నారు. మూడో రోజు కూర్చున్నారు. వేషాలు తగ్గుతాయనుకున్నాం, తగ్గలేదు. ఇప్పుడు తాత పాత్రలు కూడా వస్తున్నాయి, పోటీ లేదు.

మూడు నెలలకి ఉన్న షేర్లన్నీ అమ్మించి ఫ్లాట్ కొన్నారు. ఆ అమ్మకాల ఆర్డర్లు నేనే వేశాను. ప్రతిదీ రెండుసార్లు అప్పజెప్పి, రెండుసార్లు "అవును" అనిపించుకుని వేశాను. షేక్‌పేటలో, మా ఇంటికి నాలుగు వీధుల అవతల, మూడో అంతస్తు. గృహప్రవేశం రోజు ఆయన పట్టు పంచె కట్టుకుని వచ్చినవాళ్లందరికీ ఇల్లు చూపిస్తున్నారు. నా వంతు వచ్చింది.

"ఇది హాలు. ఇది వంటిల్లు. ఇది మా గది. ఇది..." అని గోడలో ఉన్న ఒక కిటికీ దగ్గర ఆగారు. ఎదుటి ఫ్లాట్‌కి సరిగ్గా ఆ చోట బాల్కనీ ఉంది. అది ఉన్న ఫ్లాట్‌కి డబ్బు చాలలేదు, సరిగ్గా ఆ పద్దెనిమిది నిమిషాల్లో పోయినంత. "ఇది నీది."

కిటికీ చువ్వల్లో తులసి కుండీ ఇరికించి ఉంది. ఎవరి కాలూ తగలదు, అది మాత్రం నిజం.

ఎప్పుడెళ్లినా నన్ను ఆ కిటికీ దగ్గరే కూర్చోబెడతారు. "గాలి ఎలా ఉందయ్యా?" అని అడుగుతారు. బాగుందండీ అంటాను. ఆ గాలి నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను తీసుకున్న వాటన్నిటికంటే ఖరీదైన ఊపిరి.

మొన్న, నేను ఉద్యోగం మానేసిన ఏడాదికి, మధ్యాహ్నం రెండున్నర వేళ ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మూర్తీ. ఒకసారి రా."

చప్పటి గొంతు. విరుపు లేదు, ఊపిరి లేదు. నేనేమీ అడగలేదు. హెల్మెట్ కూడా లేకుండా స్కూటరు తీశాను. నాలుగు వీధులూ ఎలా దాటానో తెలియదు, సిగ్నలు దగ్గర పోలీసాయన నన్ను ఆపాలో దణ్ణం పెట్టాలో తేల్చుకోలేకపోయాడు. మూడు అంతస్తులూ లిఫ్టు కోసం చూడకుండా ఎక్కాను.

తలుపు తెరిచే ఉంది. సుందరరామయ్యగారు కిటికీ దగ్గర కుర్చీలో, చేతి గడియారం చూసుకుంటూ కూర్చుని ఉన్నారు. పక్కన చిన్న బల్ల మీద రెండు గ్లాసుల కాఫీ, రెండిటిలోనూ పొగ.

"ఏమైందండీ?" ఊపిరి ఆడక అడిగాను.

"ఏం కాలేదు. మీ అక్కయ్యగారు భీమవరం వెళ్లింది. ఒక్కణ్ణే కాఫీ తాగబుద్ధి కాలేదు."

గడియారం ఇంకోసారి చూశారు.

"తొమ్మిది నిమిషాలు. సగానికి తగ్గించావు మూర్తీ, ఫర్వాలేదు. కూర్చో, నీ బాల్కనీలో."

కూర్చున్నాను. గాలి బాగానే ఉంది.